పండగ నెల తీరిక ఎవరిది?

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ రోజు ఎడ్ల మెడ మీద కాడి పెట్టరు, ప్రయాణం కట్టరు, ఇంటికొచ్చిన అల్లుణ్ణి ఊరు దాటనివ్వరు. ఏడాదంతా పొలంలో నడుం వంచిన మనిషికీ పశువుకీ పెద్దలు పట్టుబట్టి ఇప్పించిన సెలవు అది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఆ సెలవు ఒక్కరోజుతో తీరేది కాదు. డిసెంబరు నడుమ నెలగంట పెట్టింది మొదలు మాఘమాసం తీర్థాలు ముగిసేదాకా ఊళ్లకు కాస్త తెరిపి ఉండేది. తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం, జముకుల కథ వంటి ఉత్తరాంధ్ర కళలకు ఆ చలిరాత్రులే పెద్ద ఆదరువు.

కారణం వరిచేనులో ఉంది. వంశధార, నాగావళి కాలవల కింద, చెరువుల కింద, వానాధారం మీద పాతరోజుల్లో ప్రధానంగా ఒకటే పంట. తొలకరికి నారు పోస్తారు, ముసురులో ఉభాలు వేస్తారు, కార్తీకం వెళ్లేసరికి కోతలకు దిగుతారు. మార్గశిరంలో కుప్పలు, ఆ వెనకే నూర్పులు. గట్ల మీద కందులు, వరి కోసిన మళ్లలో పెసలు, మినుములు ఉన్నా వాటికి అంత చాకిరీ అక్కర్లేదు. గాదెలో గింజ పడ్డాక మళ్లీ వానలు పడేదాకా రైతుకు పని పలచబడుతుంది.

ఆ గింజే కళను పోషించింది. కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడే చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి మేర కొలిచేవారు. ఇల్లిల్లూ తిరిగే ఆటగాళ్లూ పాటగాళ్లూ ఆ అదను చూసుకునే వచ్చేవారు. ఆషాఢంలో తలుపు తడితే దొరకని దోసెడు బియ్యం పుష్యంలో చేటతో దొరికేది. రైతు కాలు చాపుకునే నెలలే కళాకారుడికి కాలు నిలవని నెలలు. పండగ నెల చరిత్రలో అందరూ మరచిపోయే సంగతి ఇదే.

హరిదాసును చూస్తే ఈ లెక్క తేటపడుతుంది. తెల్లవారకముందే తానమాడి, నెత్తిన అక్షయపాత్ర పెట్టుకుని, ఒక చేత తంబుర, ఇంకో చేత చిడతలతో కీర్తన పాడుతూ బయల్దేరతాడు. పాట తప్ప మాట ఉండదు. బియ్యం తెచ్చిన పిల్లకు పాత్ర అందేలా ముగ్గు పక్కన మోకాలి మీద వంగుతాడు, పాత్రను మాత్రం ఇల్లు చేరేదాకా నేల మీద దించడు. మంచులో ఊరంతా తిరిగే ఆ నియమం ఎంత భక్తో అంత కాయకష్టం కూడా. కొమ్మదాసరిది ఇంకో తీరు. చెట్టెక్కి కొమ్మ పట్టుకుని, అడిగింది ఇవ్వకపోతే దూకేస్తానని బెదిరిస్తాడు. అతను దూకడని కింద నిలబడ్డ ఊరివాళ్లకు తెలుసు. అయినా వద్దు వద్దని బతిమాలుతూ ఆ నాటకంలో తామూ వేషం కడతారు.

తప్పెటగుళ్లు యాదవుల ఆట. పదిహేను ఇరవై మంది మగవాళ్లు కాళ్లకు గజ్జెలు, రొమ్ముకు గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని వలయంగా తిరుగుతారు. నడుమ గురువు పాట అందుకుంటే చుట్టూ ఉన్నవాళ్లు దరువుతో బదులిస్తారు. రామాయణ, భాగవత కథలతో పాటు పశువుల మంద చల్లగా ఉండాలని గంగమ్మను కొలిచే పాటలుంటాయి. దరువు ముదిరేకొద్దీ అడుగు గంతవుతుంది. ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు, ఆ పైన నిలబడ్డవాడి రొమ్ము మీదా తప్పెట మోగుతూనే ఉంటుంది. ఈ ఒడుపు ఒక్క రాత్రిలో రాదు. పగలు మందల వెంట తిరిగినవాళ్లు రాత్రిళ్లు సాధన చేస్తేనే వస్తుంది.

తూర్పు భాగవతానికి తెల్లవార్లూ కావాలి. కూచిపూడివారి భామాకలాపంలాగే ఇక్కడా సత్యభామే ప్రాణం, ఆటంతా ఆమెదే పెత్తనం. ఆట తీరు మాత్రం వేరు. మద్దెల మోత ఊరవతలికి వినిపిస్తుంది, మగవాడు కట్టిన భామ వేషం ఆ మోతతో పోటీపడి అడుగేస్తుంది. కోతల రోజుల్లో అయితే చీకటి పడగానే ఒళ్లు వాల్చే ఊరు, నూర్పులయ్యాక గోనెసంచి పరుచుకుని, దుప్పటి కప్పుకుని కోడి కూసేదాకా కూర్చునేది.

ఇదంతా వరి పండే ఊళ్ల కథ. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దాటి నౌపడ మీదుగా సంతబొమ్మాళి మండలంలోని భావనపాడు వైపు వెళితే క్యాలెండరు మారిపోతుంది. నౌపడ ఉప్పుకు పేరుపడ్డ చోటు. 1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకున్నాక ఈ తీరంలో మడి కట్టడం నుంచి తూకం దాకా సర్కారు కన్నుపడింది. ఉప్పు పండటానికి ఎండ కావాలి, వాన ఉండకూడదు. అందుకే పొలంలో కొడవలి పక్కన పెట్టే రోజుల్లోనే ఇక్కడ మళ్లు బాగుచేసే పని మొదలవుతుంది. ఉప్పు కూలీకి తీరిక వర్షాకాలంలో దొరుకుతుంది, అప్పుడు చేతిలో డబ్బుండదు.

భావనపాడు మత్స్యకారులకూ చలికాలం వేట కాలమే. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చట్టం ఇచ్చే ఆ విశ్రాంతి మండువేసవిలో వస్తుంది. శీతాకాలం ముంగిట మాత్రం తుపానుల భయం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇదే జిల్లాలోని పల్లిసారథి దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది.

ఇక్కడి తీరం నుంచి ఎందరో ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వలసపోయి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. సంక్రాంతికి వాళ్లుండేది అరేబియా సముద్రంలో. తిత్లీ వచ్చిన ఏడాదే, నవంబరులో, అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ పట్టుకుంది. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉన్న 20 మందిని 2020 జనవరి 6న వాఘా దగ్గర అప్పగించారు. వాళ్లు భోగి మంటల వేళకు ఇళ్లు చేరారు. ఈ ఉదంతం ఆధారంగా తీసిన ‘తండేల్’ సినిమా 2025 ఫిబ్రవరిలో విడుదలైంది. వరి ఊళ్ల కళ తీరికలో పెరిగితే, ఈ కథ తీరిక దొరకని చలికాలంలోంచి వచ్చింది.

ఈ తీరానికి చలికాలపు అతిథులూ ఉన్నారు. టెక్కలి మండలం తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లెక్కి గూళ్లు కడతాయి. సైబీరియా నుంచి వస్తాయని జనం చెప్పుకుంటారు గానీ ఈ రెండు జాతులూ మన ఉపఖండానివే. సైబీరియా పిట్ట ఇక్కడ చలికాలం గడుపుతుందే తప్ప గూడు కట్టి పిల్లల్ని చేయదు. ఈ గూడబాతులకు, కొంగలకు చలికాలం పూర్తిగా సంసారపు పని. నౌపడ తంపర చిత్తడి భూముల్లో చేపలు పట్టి పిల్లలకు పెడుతూనే ఉంటాయి. అవి వస్తే ఊరికి మంచిదని, రాకపోతే అరిష్టమని నమ్మే గ్రామస్థులు తరాలుగా వాటి మీద చెయ్యి వేయలేదు, వేయనివ్వలేదు.

ఇప్పుడు కళ్లం పని కోత యంత్రం చేసేస్తోంది, గింజలు పొలం నుంచే లారీ ఎక్కుతున్నాయి. మేర కొలిచే చోటే లేనప్పుడు కళాకారుడి వాటా ఎక్కడిది? ఊళ్లలో కుర్రాళ్లు హైదరాబాద్, చెన్నై వెళ్లి పండక్కి మూడు రోజుల సెలవుతో వస్తున్నారు. భావనపాడు పేరుతో మొదలైన ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న మూలపేటలో శంకుస్థాపన జరిగింది. రేవు నడిచేది షిఫ్టుల లెక్కన, అక్కడ పుష్యం, మాఘం అడిగేవాళ్లుండరు.

తీర్థాలు మాత్రం ఇంకా జరుగుతున్నాయి, చందాలూ దండిగానే పోగవుతున్నాయి. అందులో ఎక్కువ భాగం డీజేకి, లైట్లకి పోతోంది. ఈ సంక్రాంతికి చందా రాసేవాళ్లు తీర్థం కమిటీని ఒక్క మాట అడగాలి: ఒక రాత్రి తప్పెటగుళ్లకో తూర్పు భాగవతానికో ఇవ్వమని, బృందానికి రావాల్సిన డబ్బు ఆట మొదలవకముందే చేతిలో పెట్టమని.