కోఠి పేర్లు, కోడ్ పేర్లు

కోఠి అంటే భవంతి. హైదరాబాద్‌లో 1803లో రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ హయాంలో మొదలైన బ్రిటిష్ రెసిడెన్సీయే ఆ భవంతి. దాన్ని ఆనుకున్న రెసిడెన్సీ బజార్ 1933లో నిజాం చేతికి తిరిగొచ్చి సుల్తాన్ బజార్ అయింది. అంగళ్లు అవే, పేరే మారింది.

ఆ వీధుల్లో ఇంజినీరింగ్ పిల్లలు బేరమాడి కొనుక్కునే పాత యూనిక్స్ పుస్తకాల్లోనూ పేర్ల తకరారే. సరిచేసిన ప్రోగ్రామును మళ్లీ కంపైల్ చేయకుండానే స్టువర్ట్ ఫెల్డ్‌మన్ సహోద్యోగి ఒకరు ఉదయమంతా తప్పు వెతికారు. అది చూసి, 1976లో బెల్ ల్యాబ్స్‌లో ఫెల్డ్‌మన్, మారిన ఫైళ్లను మళ్లీ కంపైల్ చేయించే ‘మేక్’ రాశాడు. దానికి రాసిచ్చే మేక్‌ఫైల్‌లో కోలన్‌కు ఎడమవైపు కట్టాల్సింది, కుడివైపు దానికి కావాల్సినవి.

లినక్స్ కెర్నెల్ కూడా ఈ మేక్‌తోనే తయారవుతుంది.

కెర్నెల్ మేక్‌ఫైల్‌లో ‘ఆబ్జ్-ఎం := కోఠి.ఓ’ అని రాస్తే కోఠి.కేఓ అనే మాడ్యూల్ పుడుతుంది. దాన్ని రెండు మూడు ఫైళ్లతో కట్టాలంటే ‘కోఠి-ఆబ్జ్స్’ జాబితా ఇవ్వాలి. ఆ ఫైళ్లలో ఒకటి కూడా కోఠి.సీ అయితే చిక్కే: గదికీ, భవంతికీ ఒకటే పేరు. మేక్‌కు తలా తోకా తెలియదు.

రెసిడెన్సీ భవనంలోని మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది, 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టుకుంది. ఆటో ఎక్కేవాళ్లు మాత్రం ‘ఉమెన్స్ కాలేజీ’ అనే అడుగుతారు.