దమ్ము

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ క్లినిక్ వరండాలో నిలబడినా వినిపించే మాట: "మెట్లెక్కితే దమ్మొస్తున్నది సార్." అదే రోడ్డు మీద దమ్ బిర్యానీ బోర్డు. ఆటోస్టాండులో ఒకాయన దమ్ము కొడుతుంటాడు. కాలేజీ కుర్రాడు "దమ్ముంటే రా" అంటాడు. రోగానికీ, వంటకీ, పొగకీ, పౌరుషానికీ ఒకటే మాట.

ఫార్సీలో 'దమ్' అంటే ఊపిరి, ఆ ఊపిరి పట్టేంత సేపు కూడా. 'ఏక్‌దమ్' అంటే వెంటనే అయింది అందుకే. అక్కడ 'దమీదన్' ఊదడం, సంస్కృతంలో ఊదడం 'ధమతి'. రెండూ ఒక తల్లి బిడ్డలు. మన ఒంట్లోని ధమని కూడా ఆ ఇంటిదే. కడుపుబ్బరాన్ని వైద్యులు ఆధ్మానమన్నారు, అదీ అంతే. ఉర్దూ వెంట వచ్చిన దమ్ము మనకు కొత్త చుట్టం కాదు, ఎప్పుడో వేరుపడిన దాయాది.

ఇదే రోగానికున్న మరో పేరు ఉబ్బసం. ఆ మాటలో 'ఉబ్బు' వినిపించక మానదు. కన్నడంలోనూ 'ఉబ్బస' ఉంది. ఆ వినికిడి రోగానికి చక్కగా అతుకుతుంది. ఊపిరి గొట్టాల లోపొర వాచి, కండరం బిగిసి, కఫం అడ్డుపడితే లోపలికి పోయిన గాలి బయటికి రాలేదు. బిర్యానీ హండీ మూతకు పిండి అంటించి ఆవిరిని బిగబట్టినట్టే. ఆ ఇరుకులోంచి వచ్చే ఈలను పిల్లికూత అన్నారు మనవాళ్లు.

ఆయాసం సంస్కృతంలో వట్టి శ్రమ. తెలుగులోకి వచ్చాక ఎగశ్వాస అయింది. హోమర్ ఇలియడ్‌లో 'ఆస్త్మా' యోధుడి రొప్పు. చరకుడి 'తమక శ్వాస' మాత్రం మొదటినుంచీ రోగమే: మబ్బుకూ చలికీ తూర్పుగాలికీ హెచ్చుతుందనీ, పడుకుంటే బాధించి కూర్చుంటే తెరిపినిస్తుందనీ ఆయన గమనించాడు. ఎంత దగ్గరగా కూర్చుని చూశాడో!

దమ్ముతో ఒక చిక్కుంది. ఆస్తమాకీ అదే పేరు, ఏళ్ల తరబడి బీడీ పొగో పొయ్యి పొగో తిన్న ఊపిరితిత్తుల సీఓపీడీకీ అదే. మొదటిదానిలో గొట్టాలు మందుతో చాలావరకు తెరుచుకుంటాయి, రెండోదానిలో పూర్తిగా తెరుచుకోవు. తేడా పట్టిచ్చేది గట్టిగా ఊదించే పరీక్ష, స్పైరోమెట్రీ. ఆ పరీక్ష చేసే యంత్రాన్ని లండన్‌లో జాన్ హచిన్సన్ 1846లో లోకానికి వివరించాడు. మన హైదరాబాదు బత్తిని కుటుంబం ఆస్తమాకు చేపమందు 1845 నుంచీ ఇస్తున్నామంటుంది. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో, కొరమీను పిల్ల నోట పెట్టిన పసుపుపచ్చని ముద్ద అది. జనవిజ్ఞాన వేదిక వంటివారు అభ్యంతరం చెప్పాక చేపమందు చేప ప్రసాదమైంది. ఈ పేరుమార్పు చాలా పెద్దది. మందు తనను తాను రుజువు చేసుకోవాలి, ప్రసాదానికి ఆ బాధ్యత లేదు.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే నాంపల్లి దాటాక అదే లైనులో ఎర్రగడ్డ వస్తుంది, ఛాతీ ఆసుపత్రి ఉన్నచోటు. అక్కడిదాకా వెళ్లినవాళ్లు కూడా ఇన్‌హేలర్‌ను జేబులో దాచుకోవడం చూస్తే నాకు బాధ. దమ్ము లేనివాడంటారని భయం. మాట చేసిన గాయమిది. ఆస్తమాలో ఆయాసం ముంచుకొచ్చినప్పుడు పీల్చే నీలం ఇన్‌హేలర్ ఒక్కటే చాలదు. వాపును అణచే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను, ఆయాసం లేని రోజున కూడా, డాక్టరు చెప్పినన్నాళ్లూ వాడాలి. స్టెరాయిడ్ అన్న పేరు విని బెదరనక్కర్లేదు, ఒక్కో పీల్పులో ఉండే మందు మైక్రోగ్రాముల్లోనే.