ఎండ గట్టున పాపీ పూలు: ఏది వేయకూడదు, ఏది నిలుస్తుంది

ఒకసారి నాటితే ఏళ్ల తరబడి పూస్తుందని చెప్పి ఎర్రటి పాపీ పూల విత్తనాలు అమ్మేవారు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఫోన్‌లో బొమ్మ చూస్తే ఎవరికైనా వేయాలనిపిస్తుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో బోరు దగ్గరో, ఇంటి ముందు ఎండ తగిలే గట్టు మీదో నాలుగు మొక్కలు వేసి చూద్దామనుకునే రైతులు ముందుగా రెండు సంగతులు తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి పూసే పాపీ మన ఎండకు నిలవదు. రెండోది అంతకంటే ముఖ్యం. పాపీ అంటే గసగసాల జాతి మొక్క. అందులో ఒక రకాన్ని పెరట్లో పెంచినా కేసు అవుతుంది.

మన దగ్గర ఎందుకు నిలవదు

ఓరియంటల్ పాపీ అనే ఈ బహువార్షిక రకం టర్కీ, ఇరాన్, కాకసస్ కొండ ప్రాంతాలది. అక్కడ చలికాలంలో మంచు పడుతుంది. ఆ చలి తగిలితేనే వసంతంలో బాగా పూస్తుంది. పూత అయ్యాక ఆకులు ఎండిపోయి, వేరు మాత్రం నేలలో నిద్రపోతుంది. మన జిల్లాలో డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటుతుంది. పూయడానికి కావలసిన చలి ఉండదు, నిద్రపోయిన వేరు ఆ వేడి నేలలో ఉడికిపోతుంది. వేరును కాపాడాలని నీళ్లు పెడితే కుళ్లిపోతుంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు నల్లరేగడిలో అయితే ఒక్క వాన చాలు.

ఖరీదైన ప్యాకెట్ కొని, నీడ పరదా కట్టి ప్రయత్నించినా రెండో ఏడు చూడటం కష్టం. డబ్బు పెట్టవద్దు.

గసగసాల మొక్కతో జాగ్రత్త

మాంసం కూరలోకి వాడే గసగసాలు, నల్లమందు తీసే మొక్క గింజలే. గింజల్లో మత్తు దాదాపు ఉండదు కాబట్టి కొనడం, తినడం తప్పు కాదు. మత్తు పచ్చికాయ పాలలో ఉంటుంది. అందుకే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఆ మొక్కను పెంచడమే నేరం. 10 ఏళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అందం కోసం వేశామన్నా, పెరట్లోనే వేశామన్నా చట్టంలో మినహాయింపు లేదు. కేంద్ర ప్రభుత్వం లైసెన్సు ఇచ్చేది మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాల్లో ఎంపిక చేసిన ప్రాంతాల రైతులకే. మన రాష్ట్రంలో ఎవరైనా "లైసెన్సు మేం చూసుకుంటాం, మీరు పొలం ఇవ్వండి" అంటే నమ్మకండి.

ఇది దూరపు సంగతి కాదు. 2021లో మదనపల్లె వైపు పొలాల్లో ఈ పంట పట్టుబడి అరెస్టులు జరిగాయి. గసగసాలకు మంచి ధర ఉంది, పంట త్వరగా చేతికొస్తుంది అని బయటివారు చెప్పే మాటలు చిన్న రైతుకే చేటు తెస్తాయి. పొలం కౌలుకు ఇచ్చినవారూ ఒక కన్నేసి ఉంచాలి. తమ భూమిలో అక్రమంగా ఈ మొక్క పెరుగుతోందని తెలిసిన రైతు వెంటనే పోలీసులకు గానీ సంబంధిత అధికారులకు గానీ చెప్పాలని అదే చట్టం 46వ సెక్షన్ అంటుంది. తెలిసీ ఊరుకుంటే అదీ నేరమే.

మొక్కను గుర్తుపట్టడం సులువు. ఆకు నున్నగా, బూడిద పూసినట్లు నీలి ఛాయలో ఉండి, కాడను చుట్టి పట్టుకుంటుంది. కాయ నున్నగా, పెద్దగా, తలపై కిరీటంతో ఉంటుంది. 'పియోనీ పాపీ', 'బ్రెడ్‌సీడ్ పాపీ' అనే పేర్లతో వచ్చే ప్యాకెట్లలో ఉండేవీ ఇవే విత్తనాలు. వంటింటి గసగసాలు కూడా మట్టిలో పడితే మొలవవచ్చు. సరదాకైనా చల్లకండి.

పాపీ పువ్వే కావాలంటే

షర్లీ పాపీ అనే చలికాలపు రకం ఉంది. ఇది నల్లమందు మొక్క కాదు. ఆకులు సన్నగా చీలి, నూగుతో పచ్చగా ఉంటాయి, కాయ చిన్నది. పేరున్న కంపెనీ ప్యాకెట్, బిల్లుతో సహా తీసుకోండి. బిల్లు దాచిపెట్టుకోవడం మంచిది.

అక్టోబరు వానల్లో చల్లితే ఆవగింజ కన్నా చిన్నవైన ఈ విత్తనాలు కొట్టుకుపోతాయి. తుపాను వానలు వెనకబట్టాక, నవంబరు మధ్యలో చల్లుకోవాలి. నారు పోసి నాటితే తల్లివేరు తెగి చచ్చిపోతుంది, అందుకే ఉండాల్సిన చోటే విత్తాలి. విత్తనాన్ని పొడి ఇసుకలో కలిపి పైపైన చల్లి, మట్టి కప్పకుండా అరచేత్తో అదిమితే చాలు. మొలిచాక 20 సెం.మీ.కు ఒక మొక్క ఉంచి మిగతావి పీకేయాలి. జనవరి చివర, ఫిబ్రవరిలో పూస్తుంది, మార్చి ఎండకు పోతుంది. రేకలు ఒకటి రెండు రోజుల్లో రాలిపోతాయి కాబట్టి దండకూ పనికిరాదు, మార్కెట్టుకూ పోదు. కంటికి అందం, తేనెటీగలకు పుప్పొడి, అంతే.

మీ పొలంలోనే ఉన్న పాపీ చుట్టం

బంజర్లలో, శనగ తీసిన చేలలో పసుపు పువ్వుతో, తెల్ల చారల ముళ్ల ఆకులతో కనిపించే బలురక్కసి (కొందరు బ్రహ్మదండి అంటారు) కూడా ఈ కుటుంబానిదే. తుంచితే పసుపు పాలు వస్తాయి. దీని గింజలు అచ్చం ఆవాల్లా ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఈ గింజల నూనె కలిసిన ఆవనూనె వాడి 60 మందికి పైగా చనిపోయారు. గట్టున పూల కోసం శుభ్రం చేసేటప్పుడు గింజ కట్టకముందే వేరుతో సహా తీసేయండి.

ఆ గట్టున ఏళ్ల తరబడి నిలిచేది కనకాంబరం

పాపీ మీద ఆశపడేది ఆ నారింజ ఎరుపు కోసమే అయితే, ఆ రంగు మన దగ్గరే ఉంది. ఒకసారి నాటితే రెండు మూడేళ్లు పూస్తుంది, పూసిన ప్రతి పువ్వూ అమ్ముడుపోతుంది. ఢిల్లీ కనకాంబరం అనే రకం పెద్ద పూలు ఇస్తుంది. దీనికి విత్తనం కట్టదు, కొమ్మ కత్తిరింపులతోనే పెంచాలి. "ఢిల్లీ రకం విత్తనం" అని అమ్మితే అది వేరేది అన్నమాట.

100 అడుగుల గట్టు ఉందనుకుందాం. రెండు అడుగుల ఎడంతో రెండు వరుసలు, వరుసలో అడుగుకు ఒక మొక్క వేస్తే 200 మొక్కలు పడతాయి. ఇంటివాళ్లు ఇద్దరు రోజు విడిచి రోజు తెల్లవారుజామున కోసుకోగలిగినంత పని అది. పువ్వు చాలా తేలిక, కిలో తూగాలంటే వేల పూలు కోయాలి. కోత కూలి ఇచ్చి లాభం చూడటం కష్టం, అందుకే మొదటి ఏడాదే అరెకరం వేయకండి.

జూన్ చివర, జూలైలో నాటితే రెండు మూడు నెలల్లో పూత మొదలై ప్రొద్దుటూరు దసరాకు పూలు అందుతాయి. నల్లరేగడిలో తప్పనిసరిగా అడుగు ఎత్తు బోదె పోసి, దాని మీదే నాటాలి. పులివెందుల వైపు ఎర్ర నేలల్లో బోదె లేకపోయినా పర్వాలేదు గానీ పశువుల ఎరువు ఎక్కువ వేయాలి. చీనీ తోటకు వేసిన డ్రిప్ నుంచే ఒక పైపు లాగితే నీటి పని తీరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పడమటి ఎండ మొక్కను పాలిపోయేలా చేస్తుంది, ఆ పక్కన ఒక వరుస అవిసె వేస్తే సరిపోతుంది.

కనకాంబరానికి అసలు శత్రువు నులిపురుగు. మొక్క చిక్కిపోయి, ఆకు చిన్నదై, పీకి చూస్తే వేరు మీద బుడిపెలో నల్లమచ్చలో ఉంటాయి. ఒకసారి పట్టాక వదిలించడం దాదాపు సాధ్యం కాదు. టమాట, వంగ, అరటి తీసిన చోట వెంటనే వేయవద్దు. అలాంటి నేలే ఉంటే ముందు ఒక పంటకాలం బంతి వేసి దున్నేసి, తర్వాత గుంటకు గుప్పెడు వేపపిండి వేసి నాటుకోండి. మొక్కలు ఉన్నట్టుండి వడలిపోతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రా. కలిపి మొదళ్లు తడపాలి. లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది తెగులు కాదు, ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న మన నేలల్లో ఇది మామూలే. లీటరుకు 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి వారానికి ఒకసారి రెండు మూడు సార్లు పిచికారీ చేయాలి.

నీళ్లు బొత్తిగా అందని గట్టుకు గైలార్డియా, బిళ్ళగన్నేరు మేలు. గైలార్డియా ఎరుపు పసుపు కలిసి పాపీకి దగ్గరగా కనిపిస్తుంది, ఎర్ర నేలలో బాగా వస్తుంది, నీరు నిలిస్తే మాత్రం పోతుంది. బిళ్ళగన్నేరును మేకలు ముట్టవు. అయితే అది విషపు మొక్క, కోసి పారేసిన కొమ్మలు పశువుల మేతలో కలవకుండా చూసుకోవాలి.

ఏ మొక్కో తేలక అనుమానం ఉంటే పీకి పారేయకముందే ఫొటో తీసి మీ రైతు సేవా కేంద్రంలో చూపించండి, లేదా ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్లండి. కిసాన్ కాల్ సెంటర్ 1800 180 1551కు ఫోన్ చేస్తే తెలుగులోనే సలహా ఇస్తారు.