రిఫరెన్స్ ట్యూనింగ్ (ఇయర్‌ఫోన్లు)

రికార్డింగులోని బేస్, గాత్రం, ట్రెబుల్ పాళ్లు మారకుండా చెవికి చేరేలా, ముందే నిర్ణయించుకున్న ప్రమాణ రేఖ ప్రకారం ఇయర్‌ఫోన్ ధ్వనిని సర్దడాన్ని రిఫరెన్స్ ట్యూనింగ్ అంటారు. వినేవారికి హుషారు కలిగేలా కొన్ని స్థాయులను కావాలనే పెంచి, కొన్నిటిని తగ్గించేది మ్యూజికల్ ట్యూనింగ్. మొదటిది రికార్డింగును పరీక్షించడానికి, రెండోది ఆస్వాదించడానికి ఎక్కువగా పనికొస్తాయి.

ప్రమాణ రేఖలు

బయటి శబ్దం కర్ణభేరిని చేరేలోపు చెవి డొప్ప, చెవి నాళం 3,000 హెర్ట్జ్ ప్రాంతాన్ని సహజంగానే పెంచుతాయి. నాళంలోకి దూర్చే ఇయర్‌ఫోన్‌కు ఆ సాయం పూర్తిగా అందదు కాబట్టి, ఆ పెంపును తయారీలోనే కలపాలి. 1991లో వచ్చిన ఎటిమోటిక్ ఇఆర్-4 ఇయర్‌ఫోన్ ఇలాంటి కచ్చితత్వానికి పేరుపొందింది. 2012 నుంచి హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, టాడ్ వెల్టీ శ్రోతల అభిరుచులను పరిశీలించి మరో రేఖను రూపొందించారు. హెడ్‌ఫోన్లపై వారి అధ్యయనంలో సుమారు 64 శాతం మంది దాన్ని మెచ్చారు. 15 శాతం మంది ఇంకా ఎక్కువ బేస్, 21 శాతం మంది తక్కువ బేస్ కోరారు. అంటే ఈ ప్రమాణంలో కొలతతో పాటు ఇష్టానికీ వాటా ఉంది.

నెల్లూరు గాత్రం ఉదాహరణగా

గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) కుటుంబానికి నెల్లూరు సొంతూరు. అక్కడి ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు 2020లో ఆయన పేరు పెట్టారు. ‘శంకరాభరణం’ సినిమా పాటలకు ఆయన జాతీయ పురస్కారం పొందారు. అలాంటి పాటల్లో అక్షర స్పష్టత ఎక్కువగా 2,000–4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది; స, శ, ష శబ్దాల పదును అంతకు పైనా వినిపిస్తుంది. బేస్, ట్రెబుల్ రెండూ పెంచిన ‘వి’ ఆకారపు ట్యూనింగులో మృదంగం ఎడమవైపు నాదం నిండుగా మోగినా గొంతు వెనక్కి పోతుంది. రిఫరెన్స్ ట్యూనింగులో సంగతులు, ఊపిరి తీసుకోవడం స్పష్టంగా తెలుస్తాయి. పాత రికార్డింగులోని బుసబుస కూడా దాగదు.

వినే చోటు

నెల్లూరు దగ్గరి మైపాడు తీరాన గాలి, అలల హోరు, అక్కడికి వెళ్లే బస్సు ఇంజిన్ మోత బేస్‌ను కప్పేస్తాయి. ఇయర్‌ఫోన్ టిప్ (చెవిలో దూరే మెత్తటి కొన) బిగుతుగా కూర్చోకపోయినా బేస్ తగ్గుతుంది. నిశ్శబ్దమైన గదిలో సరిగ్గా వినిపించిన ఇయర్‌ఫోన్ అక్కడ పలచగా తోచడానికి కారణం ఇదే.

ఎంపిక

గాత్రం, కచేరీ, రికార్డింగు పనికి రిఫరెన్స్ ట్యూనింగ్ మేలు. ప్రయాణంలో, హుషారు పాటలకు కొంత అదనపు బేస్ తప్పు కాదు. హోరును అధిగమించడానికి వాల్యూమ్ పెంచడం కన్నా సరిపోయే టిప్ ఎంచుకోవడం మంచిది. పెద్దలకు 80 డెసిబెళ్ల స్థాయిలో వారానికి 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.