దానపత్రంలో పుట్టిన బిజినెస్ స్కూలు

వార్టన్, టక్, కెలాగ్, స్లోన్, బూత్. అమెరికాలో ఎంబీఏకి దరఖాస్తు పెట్టుకునే మన పిల్లలు ఈ పేర్లు గడగడా అప్పజెబుతారు. ఇవన్నీ డబ్బిచ్చిన వాళ్ల పేర్లు, లేదంటే వాళ్ల అయినవాళ్ల పేర్లు. వీటిలో అన్నిటికంటే పాతది, కథ అన్నిటికంటే రసవత్తరమైనది వార్టన్.

జోసెఫ్ వార్టన్ ఫిలడెల్ఫియా క్వేకరు. జింకు, నికెల్, ఇనుము మీద బాగా గడించాడు. ఆ రోజుల్లో వ్యాపారం నేర్వాలంటే ఎవరి కొట్లోనో, ఫ్యాక్టరీలోనో చేరి పద్దులు రాస్తూ నేర్వాల్సిందే. ఆ పద్ధతి చాలదని, డబ్బున్న ఇళ్ల కుర్రాళ్లకు కాలేజీలో ఆర్థికం, పరిపాలన కూడా చెప్పాలని ఆయన పట్టుబట్టాడు. అందుకు 1881లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి లక్ష డాలర్లు ఇచ్చాడు.

ఊరికే ఇవ్వలేదు. ఏమేం పాఠాలు చెప్పాలో తనే రాసిచ్చాడు. విదేశీ సరుకు మీద సుంకం వేసి స్వదేశీ పరిశ్రమను కాపాడుకోవడం దేశం హక్కనీ, బాధ్యతనీ గట్టిగా బోధించాలన్నాడు. ఈ విషయంలో పంతుళ్లు నీళ్లు నమిలినట్టు, సంజాయిషీ చెప్పుకున్నట్టు మాట్లాడితే కుదరదని కూడా కలిపాడు. మాట తప్పితే సొమ్ము వెనక్కి రావాలన్నాడు. దిగుమతి సుంకం ఎంత ఎక్కువుంటే ఇనుము, నికెల్ అమ్మే వార్టన్‌కు అంత లాభం! నన్నడిగితే దీన్ని విరాళం అనడం కంటే కాంట్రాక్టు అనడమే సబబు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన తన షరతులన్నీ కాగితం మీద పెట్టాడు, దాచలేదు. నేడు వార్టన్‌లో స్వేచ్ఛా వాణిజ్యాన్ని సమర్థించే ప్రొఫెసర్లకు కొదవ లేదు. కాగితం మీది షరతుతో వాదించవచ్చు, కాలం మారితే పక్కన పెట్టవచ్చు.

కాగితం మీద లేని ఒత్తిడి వేరు. స్కాట్ నియరింగ్ అదే స్కూల్లో ఆర్థికశాస్త్రం చెప్పేవాడు. బాలకార్మిక వ్యవస్థను బహిరంగంగా ఎండగట్టేవాడు. 1915లో ట్రస్టీలు ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. తోటి అధ్యాపకులు గోల పెట్టినా లాభం లేకపోయింది. అప్పటికి వార్టన్ పోయి ఆరేళ్లయింది. దానపత్రంలో ఏ వాక్యమూ నియరింగ్‌ను వెళ్లగొట్టమని చెప్పలేదు.

తరవాత వచ్చిన దాతలకు పాఠాల మీద అంత పట్టుదల లేదు. ఎడ్వర్డ్ టక్ 1900లో డార్ట్‌మత్ కాలేజీకి 3 లక్షల డాలర్ల విలువైన రైల్వే షేర్లిచ్చి, తండ్రి ఏమస్ టక్ పేరు నిలబెడితే చాలనుకున్నాడు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ కోసం 1924లో విరాళాలు సేకరిస్తున్న బిషప్ లారెన్స్ న్యూయార్క్ బ్యాంకరు జార్జ్ బేకర్ దగ్గరికి వెళ్లాడు. అడిగింది పది లక్షల డాలర్లు. ఆ మొత్తం ఇవ్వడం మీద తనకు ఆసక్తి లేదనీ, స్కూలు మొత్తం తానొక్కడే కట్టించే పనైతే 50 లక్షలిస్తాననీ బేకర్ అన్నాడు. చందా అడగబోయే వాళ్లంతా చదవాల్సిన కథ ఇది.

కంపెనీలతో అసలైన చుట్టరికం మాత్రం హార్వర్డ్‌లో తరగతి గదిలోనే మొదలైంది. తొలి రోజుల్లో వ్యాపారులే వచ్చి తమ చిక్కుముడులు విద్యార్థుల ముందు పెట్టేవారు. 1921లో ఒక చెప్పుల కంపెనీ సమస్యను రాతలో పెట్టి పాఠంగా వాడారు. ఇవాళ ప్రతి ఎంబీఏ విద్యార్థీ తలపట్టుకునే కేస్ స్టడీలకు అదే మూలపురుషుడు. కంపెనీ తన గుట్టు విప్పకపోతే కేసు లేదు. ఈ సాయానికి చెక్కు కంటే విలువెక్కువ.

మన దేశంలో కథ కొంచెం వేరు. అహ్మదాబాద్ ఐఐఎం 1961లో వచ్చింది. ప్రభుత్వాలు, ఫోర్డ్ ఫౌండేషన్, స్థానిక మిల్లు యజమానులు తలో చెయ్యి వేశారు. 1965లో బొంబాయి విశ్వవిద్యాలయం బజాజ్ కుటుంబం విరాళంతో జమ్నాలాల్ బజాజ్ సంస్థను పెట్టింది. హైదరాబాద్‌లో పెట్టుబడిదారులు, కన్సల్టెంట్లు, రాష్ట్రప్రభుత్వం కలిసి 2001లో ఐఎస్‌బీని తెరిచారు. అది విశ్వవిద్యాలయం కింద లేదనుకోండి. అయినా వార్టన్, కెలాగ్, లండన్ బిజినెస్ స్కూళ్లతో భాగస్వామ్యం కుదుర్చుకుంది. మన పిల్లలు గుంపులుగా చేరే డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ స్కూలుకు 2011 నుంచి మన పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ పేరుంది. ఆయన అక్కడి పూర్వ విద్యార్థే.

పేరు ఖరీదు పెరుగుతూ వచ్చింది. 2008లో డేవిడ్ బూత్ షికాగో విశ్వవిద్యాలయానికి 30 కోట్ల డాలర్లిచ్చాడు, అక్కడి బిజినెస్ స్కూలుకు ఆయన పేరొచ్చింది. దానికి ఏడాది ముందే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం బిజినెస్ స్కూల్లో వింత జరిగింది. 13 మంది పూర్వ విద్యార్థులు కలిసి 8.5 కోట్ల డాలర్లిచ్చి, ఇరవై ఏళ్ల పాటు స్కూలుకు ఎవరి పేరూ పెట్టకూడదని షరతు పెట్టారు. వార్టన్ మొదలు ఇప్పటిదాకా వచ్చిన దానపత్రాల్లో నాకు బాగా నచ్చిన షరతు ఇదే.

మీ పిల్లలు చదివే కాలేజీ, ఫలానా కంపెనీ మా భాగస్వామి అని గోడ మీద రాసుకుంటే, ఆ ఒప్పందం కాగితం చూపించమని అడగండి. పాఠాలు ఎవరు నిర్ణయిస్తారో, అధ్యాపకుణ్ణి తీసేసే అధికారం ఎవరిదో అందులో వెతకండి.