ఆరో సెక్షను

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లాలయ్యాయి. అంతకుముందు అన్నీ వరంగల్ జిల్లాయే. ఆ రోజుల్లో కొంతకాలం ఆయుధాల లైసెన్సుల సీటు చూశాను.

ఒకనాడు జనగామ వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చారు. ఆయన గురి పోటీల పిస్తోలు గొట్టం కొస దెబ్బతిన్నదట. మూతి అంచు చుట్టూ సమంగా లేకపోతే, గుండు బయటపడే క్షణంలో వాయువు ఒక పక్క నుంచి ఎక్కువ తోసి గురి తప్పిస్తుంది. ఇంట్లో లేతు మిషను ఉంది, కొస కాస్త కోసి సరిచేసుకుంటానన్నారు. "మీ వస్తువే కదా, చేసుకోండి" అనేశాను.

ఆయన వెళ్లాక సూపరింటెండెంటు గారు చట్టం తెరిచారు. 1878 నాటి చట్టంలో భారతీయులకు లైసెన్సు, తెల్లవారికి మినహాయింపు. దాని స్థానంలో 1959 చట్టం వచ్చి, 1962 అక్టోబరు 1 నుంచి అమలైంది. అందులో ఆరో సెక్షను ప్రకారం గొట్టం కురచ చేయడానికి వేరే లైసెన్సు ఉండాలి. ఆయుధం దగ్గర ఉంచుకునే మూడో సెక్షను లైసెన్సు చాలదు. కురచదైతే దాచడం తేలిక మరి!

పరుగున పోయి ఆయనను బస్టాండులో పట్టుకున్నాను. బస్సు కదిలి ఉంటే, నా నోటిమాట నమ్మి ఆయన జైలుపాలయ్యేవారు. ఆ తరువాత రిటైరయ్యేదాకా పుస్తకం చూడకుండా ఎవరికీ జవాబు చెప్పలేదు.