బిగిసిన మర

చరిత్రము రాజుల పట్టాభిషేకములకును, యుద్ధములకును మాత్రమే కలదనుకొనుట మనకు వాడుక. చేతి పనిముట్లకును చరిత్రము కలదని తలంచువారు తక్కువ. తన కారును తానే బాగుచేసికొనబూని, తుప్పుపట్టి కదలని బోల్టు నొకదానితో పెనుగులాడువానికి ఆ చరిత్రము ఎదుట వచ్చి నిలుచును. అది యేల బిగిసినది, ఎట్లు విడివడును, ఆ యెరుక మనలో నెవరియొద్ద నున్నది అను మూడు ప్రశ్నలను ఇచ్చట విచారింతము.

నల్లగొండ, మహబూబునగరు జిల్లాలకు ఇనుము క్రొత్తది కాదు. ఈ మెట్టసీమల పెద్దరాతి సమాధులలో క్రీస్తునకు పూర్వపు ఇనుప పనిముట్లు లభించినవి. బండి ఇరుసుకొనను చక్రము జారిపోకుండ కొట్టెడి కడచీలను ఎరుగని రైతు లేడు. చీలను కొట్టి బిగింతురు, కొట్టియే ఊడదీయుదురు. చుట్లుచుట్లుగా తిరిగి బిగియు మరబోల్టు మాత్రము యంత్రములతోడనే ఇచ్చటికి విరివిగా వచ్చినది.

1932 జూన్ నెలలో నిజాము రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను 27 బస్సులతో, 166 మంది పనివారితో ప్రారంభించిరి. తొలినాళ్ల డిపోలలో నల్లగొండ జిల్లాలోని నార్కటుపల్లి యొకటి. స్కాట్లండులో తయారైన ఆల్బియను బస్సులు మన మట్టిబాటలపై తిరిగినవి. బండి వచ్చినది గాని దాని శాస్త్రము వెంటరాలేదు. యంత్రమును గూర్చిన పుస్తకము ఇంగ్లీషులో నుండెను. బడిలోని చదువు చాలవరకు ఉర్దూలో సాగెను. బండిక్రింద పరుండి పనిచేయువాని మాట తెలుగు. అందుచేతనే బోల్టు ఇంగ్లీషు నుండియు, పానా ఉర్దూ నుండియు వచ్చి, మర, తుప్పు అను తెలుగు మాటలతో కలిసి నేటికిని మన మెకానిక్కుల నోట నిలిచియున్నవి. మాటలు కలిసినంత సులభముగా విద్యలు కలియలేదు.

ఇంగ్లండులోను మొదట గొప్ప క్రమ మేమియు లేదు. ఒక కార్ఖానా బోల్టునకు మరియొక కార్ఖానా నట్టు పట్టెడిది కాదు. హెన్రీ మాడ్స్లే మరలను కచ్చితముగా కోయు లేతుయంత్రమును సుమారు 1800 నాటికి సిద్ధపరచెను. ఆయనయొద్ద పనిచేసిన జోసెఫ్ విట్వర్తు అనేక కార్ఖానాల బోల్టులను సేకరించి, వాని కొలతలను పోల్చి, 1841లో అందరికి నొకే కొలత నుండవలెనని ప్రతిపాదించెను. ఆయన మరపల్లు 55 డిగ్రీల కోణము గలవి. 1864లో అమెరికాలో విలియం సెల్లర్సు 60 డిగ్రీలను ప్రతిపాదించెను. ఈ భేదమువలన ఒక దేశపు బోల్టునకు మరియొక దేశపు నట్టు సరిగా పట్టెడిది కాదు. 1948లో బ్రిటను, అమెరికా, కెనడాలు ఒక ఉమ్మడి కొలతకు వచ్చినవి. మన దేశము 1956 నాటి శాసనముతో మెట్రికు కొలతలను చేపట్టెను. చిన్న నట్టును గూర్చి మూడు దేశములు సమాధానపడుటకు నూరేండ్లకు మించి పట్టినది!

ఇక బిగియుటకు కారణము. ఇనుము తేమతోను గాలితోను కలిసి తుప్పగును. ఆ తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె రెండింతలకు మించిన చోటు నాక్రమించును. మరపల్లసందున అంత చోటు లేదు గనుక అది రెండు వైపులను ఒత్తి పట్టుకొనును. దీని నెరుగక పానాకు పొడుగు గొట్టము తగిలించి బలముకొలది త్రిప్పువాడు, పంచతంత్రములోని మేకు పీకిన కోతికి చుట్టమగును. బోల్టు మెలిపడి తెగును; తల చేతికి వచ్చును, మొండెము లోపల నిలుచును.

ఎరిగినవాని పద్ధతి వేరు. మొదట ఏ దిక్కునకు విడివడునో తెలిసికొనును. కొన్ని బ్రిటిషు లారీల ఎడమచక్రములకు మర ఎదురుదిక్కున నుండెడిది. తీగెకుంచెతో తుప్పును రాల్చి, పలుచని నూనె పోసి, రాత్రియంతయు నాననిచ్చును. సరిపోయిన పానానే తొడుగును. సుత్తితో మెల్లగా తట్టి తుప్పుపొరను పగులగొట్టును. పిమ్మట కొంచెము బిగించి, కొంచెము వదలి, ముందువెనుకలుగా కదలించును. అప్పటికిని రాకున్న నట్టును వేడిచేయును. వేడికి నట్టు వ్యాకోచించి పట్టు సడలును. పెట్రోలు, రబ్బరు గొట్టములు, నూనెతడి ఉన్నచోట నిప్పు తగదు. బండిక్రింద దూరువాడు జాకీ నొక్కదానినే నమ్మరాదు. గట్టి ఆనికలు పెట్టవలెను.

ఈ వేడి మర్మము మన ఊరి కమ్మరికి క్రొత్తదా? బండిచక్రముకంటె చుట్టుకొలత కొంచెము తక్కువైన ఇనుప పట్టాను పిడకల మంటలో కాల్చి, అది వ్యాకోచింపగనే కఱ్ఱచక్రమునకు తొడిగి, నీళ్లు చల్లి బిగించుట ఆయన కులవిద్య. బిగించుటకును విప్పుటకును ఒకటే సూత్రము. పదార్థములు వేడికి వ్యాకోచించునని పాఠము వల్లించిన విద్యార్థికి ఆ కొలిమి తెలియదు. కొలిమికాడ పెరిగిన బాలునికి ఆ పాఠము తన యింటిదే యని చెప్పినవారు లేరు.

మనలో నిజముగా తుప్పుపట్టినది ఈ కీలు. చదివినవాడు నూనెచేతులను చిన్నచూపు చూచెను. పనివాడు పుస్తకము తనది కాదనుకొనెను. కారుఖానాలో పానాలందించు పిల్లవాడు తిట్లుతిని, దెబ్బలుతిని కంటితో నేర్చిన విద్యకు పట్టా లేదు, పేరు లేదు. వాని తప్పిదమున చక్రపు నట్టు వదులైనచో ప్రయాణికుల ప్రాణములు పోవును. వాని నేర్పున వందలమంది క్షేమముగా ఇల్లు చేరుదురు. ఇంతటి బరువు మోయువానికి కారణము చెప్పి నేర్పకుండుట అన్యాయము, అపాయము కూడ.

కనుక ప్రతి ఉన్నతపాఠశాలలోను ఒక పాత యంత్రము, కొన్ని పానాలు, ఒక కొలిమి యుండవలెను. కమ్మరిని, మెకానిక్కును గురుపీఠముమీద కూర్చుండబెట్టి, వారిచేత చేయించి, శాస్త్రమును తెలుగున వివరింపవలెను. బలిమితో త్రిప్పిన బోల్టు తెగును. కారణ మెరిగి, ఓపికతో నూనె పోసి, ముందువెనుకలుగా కదలించినచో ఎన్నియేండ్ల బిగువైనను సడలును. మన చదువునకును చేతిపనికిని నడుమ బిగిసిన మరనుగూడ అట్లే విప్పవలసి యున్నది.